మేస్త్రి గీసిన నీలి సున్నా

మాస్కులో ఉన్నప్పుడు ఎవరైనా "అన్నా" అని పిలిస్తే టకటకకి కోపం రావడం ఎప్పుడో మానేసింది. తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి సూటు, మొహానికి రెండు గుండ్రటి ఫిల్టర్ల మాస్కు, మోచేతుల దాకా గ్లోవ్స్. అందులో ఉన్నది ఆడో మగో కన్నతండ్రి కూడా పోల్చుకోలేడు. కానీ ఆ రోజు వానలో తడిసి పడవల షెడ్డులోకి వచ్చినవాడు ఒక్కసారి పిలిచి ఊరుకునే రకం కాదు.

"అన్నా, మేస్త్రి గారు ఎక్కడున్నారు?"

ఆమె పడవ గోడకి చెవి ఆనించి, చిన్న ప్లాస్టిక్ సుత్తితో కొడుతోంది.

"అన్నా, నిన్నే. వినపడట్లేదా?"

"వినపడాలనే చూస్తున్నాను. మీరు కాసేపు నోరు మూసుకుంటే వినపడుతుంది."

ఆ గొంతు విని అతను రెండడుగులు వెనక్కి వేశాడు. వెనకాల ఉన్న రెజిన్ జిగురు డ్రమ్ముకి మోచేయి కొట్టుకుంది.

"సారీ అండీ. అన్న అనుకున్నాను."

"అనుకున్నారుగా, అలాగే ఉండనివ్వండి. ఏం కావాలి?"

"వెనక మూలన టార్పాలిన్ కింద ఉన్న పడవ మాది. ఎడమ పక్క వేలితో నొక్కితే లోపలికి పోతోంది. ఓ వారంలో కాస్త పుట్టీ పెట్టేసి ఇస్తారేమోనని."

టకటక మాస్కు తీసింది. వారంలో పుట్టీ పెట్టించుకునే మనుషులంటే ఆమెకి ఒళ్ళు మంట.

"మీరేం చేస్తుంటారు?"

"పళ్ళ డాక్టర్ని."

"ఓహో. అయితే పన్ను నొప్పి అని వచ్చినవాళ్ళకి నోరు తెరవమనకుండానే సిమెంటు పెట్టి పంపిస్తారా?"

అతను జేబులోంచి పెన్ను తీసి, దాని వెనక వైపుతో ఆమె ముందున్న పడవని కొట్టడం మొదలెట్టాడు. టక్, టక్, టక్. ఇంకాస్త పక్కకి జరిగాడు. డబ్. అక్కడ ఆగి ఆమె వైపు చూశాడు.

"ముందు ఇలా కొట్టి చూస్తామండీ. పుచ్చిన పన్ను కూడా ఇలాగే మొద్దుగా పలుకుతుంది. ఇదేగా మీరు వెతుకుతున్నది?"

నిజంగా అదే. ఆ చోటు కోసం ఆమె పావుగంట నుంచి తంటాలు పడుతోంది. ఆ మాట మాత్రం అతనికి చెప్పలేదు.

ఫైబర్ పడవ గోడ ఒకటే పలక కాదు. బయట ఒక పొర, లోపల ఒక పొర, మధ్యలో తేలికైన చెక్క. ఏ మరమేకు సందులోంచో నీళ్ళు దూరితే ఆ చెక్క నెమ్మదిగా కుళ్ళిపోతుంది. పైకేం తెలియదు, రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. చెవి ఒక్కటే పట్టుకోగలదు. ఆ షెడ్డులో ఆ చెవి టకటకది. ఆ పేరు పెట్టింది జెట్టీ జనం, అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

టార్పాలిన్ కింద పడవ ఎవరిదో ఆమెకి చెప్పక్కర్లేదు. అది కెప్టెన్‌ది. ఆయన ఏ ఓడకీ కెప్టెన్ కాదు, పోస్టాఫీసు కౌంటర్లో స్టాంపులమ్మి రిటైరైన మనిషి. నలభై ఏళ్ళ నాటి ఆ తెరచాప పడవ కొనుక్కుని, నెత్తిన ఒక టోపీ పెట్టుకుని తిరిగేసరికి అందరూ వేళాకోళంగా మొదలెట్టి, తర్వాత ప్రేమగానే అలా పిలవడం అలవాటు చేసుకున్నారు. రెండేళ్ళ కిందట ఆయన గాలికి ఎదురు తిప్పబోయి, మూడుసార్లు తిప్పలేక, జనమంతా చూస్తుండగా పడవని జెట్టీ స్తంభానికి కొట్టాడు. ఆ రోజు తాడు కట్టేసి వెళ్ళిపోయినవాడు మళ్ళీ నీళ్ళ వైపు రాలేదు. తర్వాత షెడ్డువాళ్ళే పడవని మూలకి చేర్చి టార్పాలిన్ కప్పారు.

"ఆయన మా బాబాయ్," అన్నాడు డాక్టర్. "నన్ను పెంచింది ఆయనే. ఊపిరితిత్తులు పాడైపోయాయి. వచ్చే ఎండాకాలాన్ని లెక్కలో వేసుకోవద్దని ఆసుపత్రిలో చెప్పారు. ఒక్కసారి ఆయన్ని అందులో కూర్చోబెట్టాలి. ఆయనకి చెప్పలేదు, చెబితే ఒప్పుకోడు."

బయట వాన రేకుల మీద దబదబా పడుతోంది. టకటక పెదవి విరిచింది కానీ, ఆ విరుపులో ముందున్నంత కారం లేదు.

"ఈ ముసురులో చెక్క ఆరదు. దీపాలు పెట్టి ఆరబెట్టాలి. రెండు నెలలు పడుతుంది."

"నేను సాయం చేస్తాను. మధ్యాహ్నం మూడు తర్వాత నాకు పేషంట్లుండరు."

"మాస్కు పెట్టుకోవాలి."

"రోజంతా దాంట్లోనే ఉంటానండీ," అన్నాడతను.

*

మర్నాడు మేస్త్రి వచ్చి కెప్టెన్ పడవ చుట్టూ తిరిగాడు. మేస్త్రి టకటక తండ్రి. ఆ రేవులో ఆయన చేయి పడని పడవ లేదు. చెవులకి అడ్డం ఏమీ పెట్టుకోకుండా ముప్ఫై అయిదేళ్ళు గ్రైండర్ పట్టుకున్న మనిషి. చెవులు పోయి ఏడాదయింది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టేస్తాడు కాబట్టి సంగతి బయటివాళ్ళకి తెలియదు.

ఆయన గోడని కొడుతూ, తల పంకిస్తూ, చెవి వెనక నుంచి నీలి పెన్సిల్ తీసి అక్కడక్కడా సున్నాలు చుట్టాడు. భోజనానికి ఇంటికెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే టకటక ఎర్ర పెన్సిల్ తీసుకుని మళ్ళీ మొదటి నుంచీ కొట్టుకుంటూ వచ్చింది. ఏడాదిగా ఇదే నాటకం. ఎర్ర సున్నాలు ఎవరు గీస్తున్నారని తండ్రి అడగడు, నీలి సున్నాలు ఎందుకు గీస్తున్నావని కూతురు అడగదు.

"ఈ రెండు రంగులేమిటండీ?" అన్నాడు డాక్టర్.

"నీలం మా నాన్న అభిప్రాయం. ఎరుపు పడవ అభిప్రాయం."

అతను ఇంకేమీ అడగలేదు. అది ఆమెకి నచ్చింది. మర్యాద తెలిసిన మనిషే అనుకుంది, ఆ వెంటనే ఆ అనుకోవడం మీద విసుక్కుంది.

రోజూ మూడున్నరకి వచ్చేవాడు. గోకమన్నది గోకేవాడు, పట్టుకోమన్నది పట్టుకునేవాడు. మాస్కుల్లో మాటలు వినపడవు కాబట్టి గోడ మీద వేలితో కొట్టి చెప్పుకోవడం మొదలైంది. ఒకసారి కొడితే ఆగు, రెండుసార్లు కొడితే అందుకో, మూడుసార్లు కొడితే అంతా బాగుంది. ఈ లెక్క తండ్రి చెవులు పోయాక, అదురు చేతికి తెలుస్తుందని టకటక ఇంట్లో పెట్టినది. డాక్టర్ దాన్ని రెండు రోజుల్లో నేర్చేసుకున్నాడు.

టీ తాగే వేళ మాత్రం మాస్కులు తీయాలి. అప్పుడు ఇద్దరికీ మొహాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

"కుడి వైపు నమలడం మానేసి ఎన్నాళ్ళయింది?" అన్నాడొక రోజు, ఆమె బిస్కట్ తింటుంటే.

"మీ కళ్ళు ఎప్పుడూ నా నోటి మీదే ఉంటాయా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "అంటే, వృత్తిరీత్యా అండీ."

"వృత్తి క్లినిక్‌లో పెట్టుకోండి. ఇక్కడ మీరు గోకుడు మనిషి."

"గోకుడు మనిషిగానే చెబుతున్నాను. లోపల కుళ్ళుతోంది. మీ భాషలో చెప్పాలంటే, డబ్ మంటోంది."

ఆమె నవ్వాపుకోవడానికి టీ గ్లాసు అడ్డం పెట్టుకుంది. ఎన్నాళ్ళ తర్వాతో ఆ షెడ్డులో ఎవరో ఆమెని నవ్వించారు. వాన ఆ రోజు కూడా తగ్గలేదు.

*

ఎడమ గోడ లోపలి పొర కోసింది పదిహేనో రోజు. ఆదివారం కాబట్టి డాక్టర్ ఉదయమే వచ్చి పడవ బయట వైపు పాత రంగు గీకుతున్నాడు. టకటక లోపల ఒంగి కూర్చుని, కోసిన పలకని పైకి లేపింది. కుళ్ళిన చెక్క నల్లగా, తడిసిన టీపొడిలా చేతిలోకి ఊడి వచ్చింది. దాని మధ్యలో ఒక్క చోట మాత్రం గట్టిగా, శుభ్రంగా, అరచేయంత కొత్త చెక్క. దాని చుట్టూ నీలి సున్నా. పక్కన తారీఖు.

పని ముగించేటప్పుడు ఆఖరి పొర కింద సున్నా గీసి తారీఖు వేయడం ఆ షెడ్డు ఆచారం. రేపెవరైనా తెరిస్తే, ఎవరు ఎప్పుడు చేశారో తెలియాలని మేస్త్రే పెట్టాడు. ఆ తారీఖు కెప్టెన్ జెట్టీకి గుద్దుకున్న రోజుకి సరిగ్గా మూడు వారాల ముందుది.

టకటక ఆ కొత్త చెక్క చుట్టూ తడిమి చూసింది. కుళ్ళు అప్పటికే రెండు జానల మేర ఉండి ఉంటుంది. నాన్న అరచేయంత కోసి, మిగిలిన తడి మీద మూత వేసేశాడు. అంటే చెవులు పోయింది ఏడాది కిందట కాదు, అంతకు చాలా ముందే. తెరచాప కొయ్యని ఎడమ వైపు నుంచి లాగి పట్టుకునే ఇనుప తీగ దిగేది సరిగ్గా అక్కడే. గోడ మెత్తబడితే తీగ వదులవుతుంది, కొయ్య వాలుతుంది, ఆ తర్వాత చుక్కాని ఎంత తిప్పినా పడవ మాట వినదు.

కెప్టెన్ చేయి తప్పలేదు. పడవే తప్పింది.

బయట నుంచి రెండుసార్లు చప్పుడైంది. అందుకో అని. ఆమె అందుకోలేదు. ఒక అట్టముక్క తీసి ఆ సున్నా మీద కప్పింది.

"ఎలా ఉంది లోపల?" అన్నాడతను, తల లోపలికి పెట్టి.

"కొత్తగా తడి దిగింది," అందామె. అది ఆమె అతనికి చెప్పిన మొదటి అబద్ధం. మాస్కు ఉండటం మంచిదయింది.

సాయంత్రం తండ్రిని తీసుకొచ్చి అట్టముక్క తీసి చూపించింది. మేస్త్రి వంగి తారీఖు చదివాడు.

"ఎప్పటి నుంచి నాన్నా?" ఆయనకి పెదాలు కనపడేలా అడిగింది.

"మూడేళ్ళు దాటింది. సన్న చప్పుళ్ళు ముందు పోయాయి. కెప్టెన్ పక్కనే నిలబడి ఉన్నాడు. వినపడట్లేదని ఆయన ముందు ఎలా అనను? చేత్తో తడిమి, ఊహించి గీశాను." బొటనవేలితో సున్నాని రుద్దుతూ, "ఆయన గుద్దాడని తెలిసినప్పుడు, చేయి తప్పిందనే అనుకున్నాను తల్లీ. అలా అనుకుంటేనే నిద్ర పట్టేది," అన్నాడు.

తర్వాత గ్రైండర్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "చెరిపేయ్. పది సెకన్ల పని."

గ్రైండర్ మీట మీద వేలు పెట్టింది కానీ నొక్కలేకపోయింది. చిన్నప్పటి నుంచీ తండ్రి మాట కాదనని పిల్ల, దాన్ని కింద పెట్టేసి వానలో ఇంటికి నడిచి వెళ్ళిపోయింది.

*

నాలుగు రోజులు ఆ అట్టముక్క అక్కడే ఉంది. వెచ్చటి దీపాల కింద చెక్క ఆరుతోంది. ఆ రోజు టీ వేళ డాక్టర్ మామూలుగా లేడు.

"పొద్దున బాబాయ్ కప్పు జార్చేశాడు. పగిలిన ముక్కలు చూస్తూ, 'ఈ చేతులు ఆ రోజే చచ్చిపోయాయిరా' అన్నాడు." గ్లాసుని రెండు చేతుల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. "ఆ రోజు జెట్టీ మీద ఆయన్ని అందరి ముందూ తిట్టింది నేనే. వయసైపోయింది బాబాయ్, ఇక చాలు, ఎవరి ప్రాణమో తీస్తావు అన్నాను. ఆయన టోపీ తీసి పడవలో పడేసి నా వెనకే నడిచి వచ్చాడు."

టకటక గ్లాసు కింద పెట్టింది. అతన్ని చూస్తే జాలేసింది. అతనంటే ఎంత ఇష్టమో కూడా ఆ క్షణంలోనే, తప్పించుకోవడానికి వీల్లేకుండా తెలిసింది. చెబితే పోతాడు. చెప్పకపోతే ఆ ముసలాయన ఆ చేతుల్ని తిట్టుకుంటూనే పోతాడు.

"లోపలికి రండి," అంది.

అట్టముక్క తీసింది. అతను తారీఖు చదివాడు. సున్నాని చూశాడు, దాని చుట్టూ ఖాళీని చూశాడు. పళ్ళ డాక్టరుకి విడమరిచి చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"తడి మీద మూసేశారు," అన్నాడు నెమ్మదిగా.

"నాన్నకి అప్పటికే చెవులు లేవు. ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా."

"మీకెప్పుడు తెలిసింది?"

"ఆదివారం."

"ఆదివారం నేనడిగితే కొత్త తడి అన్నారు."

"అన్నాను."

అతను లేచి, జేబులోంచి గ్లోవ్స్ తీసి మడిచి, బల్ల మీద పెట్టాడు. విసిరికొట్టి ఉంటే బాగుండేదని ఆమెకి అనిపించింది. ఛత్రీ కూడా మర్చిపోయి వెళ్ళిపోయాడు.

పదకొండు రోజులు మూడున్నర అవుతూనే ఉంది, అతను రావట్లేదు. టకటక ఒక్కతే కుళ్ళంతా తవ్వి తీసింది, అంచులు ఏటవాలుగా గీకింది. ఛత్రీ డ్రమ్ముకి ఆనించినట్టే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా కోపం వచ్చేది, ఎవరి మీదో తెలిసేది కాదు. పన్నెండో రోజుకి కుడి చెంప బన్నులా వాచింది.

మేస్త్రి కూతురి చెంప చూశాడు. డ్రమ్ము పక్కన ఛత్రీ చూశాడు. ఛత్రీ తీసుకున్నాడు.

"పద. డాక్టరు దగ్గరికి."

"ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్దాం నాన్నా."

ఆయన ఆమె పెదాల వైపు చూడటం మానేశాడు. వినకూడదనుకుంటే ఆయనకి అదొక సౌకర్యం.

*

క్లినిక్ కింద గదిలో ఉంది, పైన కెప్టెన్, డాక్టర్ ఉండే ఇల్లు. బయట గదిలో అయిదారుగురు చెంపలు పట్టుకుని కూర్చున్నారు. మధ్య తలుపు సరిగ్గా మూసుకోదు, వానకి ఉబ్బింది.

"నోరు తెరవండి," అన్నాడు డాక్టర్. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. ఆ కళ్ళలో నిద్ర లేదు. మొద్దుబారడానికి సూది ఇచ్చాడు, నోరు మూతపడకుండా ఇనుప అడ్డం పెట్టాడు, ఇంకో మాట లేకుండా పని మొదలెట్టాడు. ఆమె పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. ఇంత దగ్గరగా ఉండి ఇంత దూరంగా ఎవరూ ఉండలేరనిపించింది.

అప్పుడు మేస్త్రి లేచి నిలబడ్డాడు.

చెవులు లేని మనిషికి తన గొంతు ఎంతో తనకి తెలియదు. ఆయన రహస్యంగా చెబుతున్నాననే అనుకున్నాడు. ఆ మాట బయట గదిలోకీ, మెట్ల మీదికీ, వీధిలోకీ వెళ్ళింది.

"డాక్టర్ గారూ, మీ బాబాయ్ పడవ పాడు చేసింది నేనే. మూడేళ్ళ నుంచి నాకు చెవులు లేవు. వినపడుతున్నట్టు నటించాను. కుళ్ళు రెండు జానలుంటే అరచేయంత కోసి మూసేశాను. ఆయన చేయి తప్పలేదు. తప్పింది నేను."

బయట గదిలో పత్రిక తిరగేస్తున్న చప్పుడు ఆగిపోయింది. టకటక ఆపమని చెప్పబోయింది. మొద్దుబారిన నోట్లోంచి "ఆ, ఆ" అని తప్ప ఏమీ రాలేదు. తండ్రి పేరు ఏడాది పాటు రెండు రంగుల పెన్సిళ్ళతో ఆమె కాపాడుకుంటూ వచ్చింది, ఆయన దాన్ని అర నిమిషంలో వీధిలో పెట్టేశాడు. కళ్ళ నీళ్ళు చెవుల్లోకి కారాయి.

"పిల్ల మీద కోపం పెట్టుకోకండి," అంటున్నాడాయన ఇంకా గట్టిగా. "నేను గీసిన గుర్తుని చెరిపేయమన్నాను. చెరపలేదు. నేను దాచిన మాట మీకు చెప్పేసింది. అంతకంటే అది ఏం చేయగలదు?"

డాక్టర్ చేతిలో పరికరం కింద పెట్టాడు. మాస్కు గడ్డం కిందికి లాగి, ఆయనకి పెదాలు కనపడేలా తిరిగాడు.

"ఈ మాట చెప్పాల్సింది నాకు కాదు మేస్త్రి గారూ."

కుర్చీలో వెల్లకిలా పడుకున్న టకటకకే ముందు కనిపించింది. తలుపు దగ్గర, లుంగీ మీద పాత కోటు వేసుకుని, గోడ పట్టుకుని ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. మెట్లు దిగిన ఆయాసానికి ఛాతీ ఎగిసి పడుతోంది. నెలల తరబడి ఆ మెట్లు దిగని మనిషి. ఆమె చేయి చాపి కుర్చీ పిడి మీద ఒకసారి కొట్టింది. ఆగు అని. వినపడని తండ్రికి కాదు, డాక్టరుకి.

డాక్టర్ వెనక్కి తిరిగాడు. కెప్టెన్ అతన్ని దాటుకుని వెళ్ళి మేస్త్రి భుజం మీద చేయి వేశాడు.

"ఎందుకలా అరుస్తావు మేస్త్రీ. ఏ పక్క?"

మేస్త్రి ఆ పెదాల్ని చూశాడు. "ఎడమ."

"తీగ దగ్గరా?"

"తీగ కిందే."

కెప్టెన్ తన రెండు చేతులూ ముందుకు చాపి తిరగేసి, మరగేసి చూసుకున్నాడు.

"అయితే నా చేయి కాదన్నమాట," అన్నాడు.

డాక్టర్ బాబాయ్ కాళ్ళ దగ్గర కూలబడిపోయాడు. "నేను ఆ రోజు అందరి ముందూ అన్న మాటలు, బాబాయ్..."

"అన్నావులే. ముందు ఆ పిల్ల నోట్లోంచి ఆ ఇనుము తియ్యరా, పాపం ఏడుస్తోంది."

బయట గదిలో ఎవరో నవ్వారు, ఎవరో ముక్కు చీదారు. డాక్టర్ తిరిగి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మాస్కు పైకి లాక్కోవడం మర్చిపోయాడు.

"ఇది తాత్కాలికంగా మూస్తున్నాను," అన్నాడు. "తడి పూర్తిగా ఆరాక మళ్ళీ చూడాలి. రేపు మూడున్నరకి నేనే వస్తాను."

ఆమె కుర్చీ పిడి మీద మూడుసార్లు కొట్టింది.

*

మేస్త్రి మీద జనం రకరకాలుగా అనుకున్నారు. ఇద్దరు ముగ్గురు తమ పడవలు వేరే చోటికి తీసుకుపోయారు. ఆయన మొహం చెల్లక వారం రోజులు షెడ్డు మొహం చూడలేదు. మళ్ళీ ఆయన్ని లాక్కొచ్చింది కెప్టెనే. ఆటోలో వచ్చి, "నా పడవ నీ కూతురు ఒక్కతే చేస్తోంది, నువ్వు ఇంట్లో కూర్చుంటావా" అని కేకలేశాడట. ఆ కేకల్లో సగం దగ్గే. అప్పటి నుంచి ఇద్దరు ముసలాళ్ళూ రోజూ షెడ్డులో రెండు కుర్చీలు వేసుకుని కూర్చునేవారు. ఒకాయనకి వినపడదు, ఇంకొకాయన మాట్లాడితే ఆయాసం. ఇద్దరికీ బాగానే కుదిరింది.

ఆఖరి పొర వేసే రోజు వాన కాస్త తెరిపి ఇచ్చింది. కొత్త చెక్క అతికి గట్టిపడింది, దాని మీద ఫైబర్ గుడ్డ పరిచి రెజిన్ పూయడమే మిగిలింది. టకటక రెజిన్ డబ్బాలో, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలిపి వాచీ చూసుకుంది.

"మీతో ఒక మాట చెప్పాలి," అన్నాడు డాక్టర్ పక్క నుంచి.

"ఇరవై నిమిషాల్లో ఇది డబ్బాలోనే రాయి అయిపోతుంది. త్వరగా చెప్పండి."

"అలా అంటే ఎలా చెబుతారండీ ఎవరైనా?"

"పద్దెనిమిది నిమిషాలు."

"ఆ పదకొండు రోజులూ నాకు మీ మీద కోపం లేదు. నా మీద నాకే. బాబాయ్‌కి చెప్పడానికి నోరు రాక, మీ దగ్గరికి రావాలంటే మొహం లేక..."

"పదిహేడు. బ్రష్ అందుకోండి."

అందుకున్నాడు. ఆమె గుడ్డ కత్తిరించి, పరచబోతూ ఆగింది. పెన్సిల్ తీసి పాత నీలి సున్నా ఉన్న ముక్క చుట్టూ, కొత్త చెక్క మొత్తం కలిసొచ్చేలా పెద్ద ఎర్ర సున్నా గీసింది. తండ్రి వేసిన ముక్కని ఆమె తీయలేదు. అది గట్టిగానే ఉంది, తీయాల్సిన పని లేదు. తారీఖు వేసింది. పెన్సిల్ అతనికి ఇచ్చింది.

"పనిచేసినవాళ్ళు రాయాలి. ఇక్కడి ఆచారం."

అతను డాక్టర్ల చేతిరాతతోనే, ఎలాగో చదవగలిగేలా తారీఖు కింద రాశాడు: 'ఏడాదికోసారి ఇద్దరూ కలిసి వచ్చి కొట్టి చూడాలి.'

టకటక చదివింది. దాని మీద గుడ్డ పరిచింది. తెల్లటి గుడ్డ కింద అక్షరాలు మాయమయ్యాయి. రెజిన్ పూసి రోలర్ నడిపేసరికి గుడ్డ గాజులా తేటబడి, నీలి సున్నా, ఎర్ర సున్నా, ఆ వంకర అక్షరాలు మళ్ళీ పైకి తేలాయి.

"ఏమైనా అనండి," అన్నాడతను.

"కదలకండి. మీ మోచేతి దగ్గర గాలి బుడగుంది." ఆ బుడగని బయటికి నెట్టి, రోలర్ పక్కన పెట్టింది. "ఇద్దరూ అంటే ఎవరెవరు?"

"మీరూ, నేనూ."

"ఇంకా మీరేనా?"

అతనికి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది.

"నువ్వు," అన్నాడు చివరికి.

"ఇంకో నిమిషం మిగిలే ఉంది," అంది టకటక, డబ్బా వంచి చూసుకుంటూ.

*

పడవని నీళ్ళలో దించిన రోజు ఆకాశం బూడిదరంగులో ఉంది. సన్నగా తుంపర. జెట్టీ మీదికి జనం రాకూడదని డాక్టర్ ఎవరికీ చెప్పలేదు. అయినా అందరూ వచ్చారు.

కెప్టెన్ చుక్కాని దగ్గర రెండు దిండ్ల మధ్య కూర్చున్నాడు. రెండేళ్ళు పడవలోనే పడి ఉన్న టోపీ బూజు పట్టింది, టకటక ఉతికి ఇస్తే పెట్టుకున్నాడు. ఆమె, డాక్టర్ తెరచాప తాళ్ళు పట్టుకున్నారు. మేస్త్రి లోపలికి దిగి ఎడమ గోడకి అరచేయి ఆనించి కూర్చున్నాడు. ఎవరు పిలిచినా పైకి రాలేదు.

అప్పుడు గుద్దుకున్న జెట్టీ స్తంభం ముందుకి వచ్చేసరికి గాలి ఎదురైంది. కెప్టెన్ దగ్గు ఆపుకుని, చుక్కాని పిడిని నెమ్మదిగా అవతలికి నెట్టాడు. టకటక ఎడమ తీగని చూసింది. తీగ బిగిసే ఉంది. తెరచాప కొయ్య వాలలేదు. పడవ ముక్కు గాలిలోకి తిరిగి, ఆ వైపు నుంచి ఈ వైపుకి, ఒక్కసారికే దాటుకుంది. జెట్టీ మీద ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక ముసలి జాలరి మాత్రం తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఇంకోసారి," అన్నాడు కెప్టెన్.

మూడుసార్లు తిప్పాడు. మూడోసారికి ఆయన పెదాలు నీలంగా మారాయి. డాక్టర్ లేవబోతే కళ్ళతోనే కూర్చోమన్నాడు. తర్వాత వంగి, వేళ్ళతో పడవ గోడని తట్టాడు. ఒకటి, రెండు, మూడు.

ఆ తర్వాత అవతలి వైపు నుంచి, అదే చోట, మూడుసార్లు తిరిగి చప్పుడైంది. మధ్యలో ఆగి ఆగి, ఏడుస్తున్న మనిషి కొట్టినట్టుగా.

కెప్టెన్ టోపీ సర్దుకుని, టకటకని దగ్గరికి పిలిచాడు. ఆమె చేయి తీసుకుని చుక్కాని పిడి మీద పెట్టాడు. డాక్టర్ చేతిని కూడా లాగి దాని మీద పెట్టి, పైన తన చేయి ఉంచాడు. మళ్ళీ ఎప్పుడొద్దామని ఆయన అడగలేదు. వాళ్ళూ అడగలేదు.

"ఒడ్డుకి మీరు తీసుకెళ్ళండి," అన్నాడు. "నేను కాసేపు చూస్తూ కూర్చుంటాను."